ఏడో నంబరు సీసా

మద్రాసులో చదువు ముగించుకుని నేను కర్నూలు ఆస్పత్రిలో చిన్న డాక్టరుగా చేరేనాటికి ఆ ఊరు రాజధాని. ఆఫీసులకు కట్టడాలు చాలక గుడారాలు వేశారు. ఎండాకాలం సుడిగాలి లేచిందంటే ఫైళ్ళు హంద్రి నది వైపు ఎగిరిపోయేవి, జవాన్లు వాటి వెంట పరుగెత్తేవాళ్ళు. మాది కమలాపురం పక్క పల్లె కాబట్టి ఎండా గాలీ నాకు కొత్త కాదు. మా పెద్ద డాక్టరుది గోదావరి వైపు. ఆయన తడిగుడ్డ నెత్తిన వేసుకుని రోగుల్ని చూసేవాడు.

ఆయనకు ఒక్కటే ధ్యాస, ప్రెషరు. అది ఎక్కువున్నవాళ్ళ గుండె పెద్దదై, కొన్నేళ్ళకు అలిసిపోతుంది. అంతకు ముందు మా దగ్గర దానికి చెప్పుకోదగ్గ మందు లేదు. ఉప్పు తగ్గించు, కోపం తగ్గించు అని చెప్పి పంపేవాళ్ళం. అప్పుడే సర్పగంధ వేరు నుంచి చేసిన మాత్రలు వచ్చాయి. అవి నిజంగా పనిచేస్తాయా, చేస్తే వాటితో ఇంకేమన్నా ముప్పుందా తేల్చాలని ఆయన పూనుకున్నాడు.

పద్ధతి ఇది. సగం సీసాల్లో మందు, సగం సీసాల్లో సుద్ద. చూపుకు రెండూ ఒకటే, రుచికి రెండూ చేదే. సీసాలకు నంబర్లే తప్ప పేర్లుండవు. ఏ నంబరులో ఏముందో రాసిన కాగితానికి లక్కముద్ర వేసి, మద్రాసు నుంచే పంపించారు. దాన్ని పెద్ద డాక్టరు ఇనప్పెట్టెలో పెట్టాడు. ఆరు నెలల దాకా ఆయనకూ తెలియకూడదు, నాకూ తెలియకూడదు. రోగుల్ని పట్టుకురావడం, ప్రెషరు చూడడం, కాగితాలు నింపడం నా పని.

కోడుమూరు దగ్గరి ఒక పల్లె నుంచి ఇద్దరు దొరికారు. అన్నదమ్ముల బిడ్డలు. నా కాగితాల్లో వాళ్ళు ఏడో నంబరు, ఎనిమిదో నంబరు. పేర్లెందుకు, అన్న, తమ్ముడు అంటాను. ఇద్దరికీ యాభై దాటాయి, ఇద్దరికీ ప్రెషరు, ఇద్దరి చేన్ల నడుమ ఒక గట్టు. ఆ గట్టు ఎవరిదన్న దాని మీద వాళ్ళ తండ్రుల కాలం నుంచీ కోర్టులో వ్యాజ్యం. ఒకే బస్సులో వచ్చారు, ఒకాయన ముందు సీట్లో, ఒకాయన వెనక సీట్లో. ఆస్పత్రి వరండాలో ఉన్నది ఒక్కటే బెంచీ. దాని మీద ఒకాయన కూర్చుంటే రెండో ఆయన నిలబడ్డాడు.

సీసాలిస్తూ పద్ధతంతా వివరించాను. అన్న శ్రద్ధగా విని అడిగాడు.

"అంటే నువ్విచ్చేది మందో కాదో నీకే తెల్దా?"

"తెలీదు. తెలియకూడదు."

"మీ పెద్ద డాక్టరుకు?"

"ఆయనకూ తెలీదు."

"మరి ఎవురికి తెల్సప్పా?"

"ఇనప్పెట్టెలో ఒక కాగితముంది. అందులో ఉంటుంది."

ఆయన తల పంకించాడు. "మా కోర్టు మాదిరే ఉండాదే ఇది" అని సీసా తీసుకుని పోయాడు.

మొదట్లోనే ఒక చిక్కొచ్చింది. అన్న చేతికి పట్టీ చుట్టి ప్రెషరు చూస్తుంటే బయట తమ్ముడు దగ్గాడు. పాదరసం గబుక్కున పైకి లేచింది. తమ్ముణ్ణి చూసేటప్పుడు అన్న గొంతు సవరించుకున్నాడు, మళ్ళీ అదే కథ. ఏది మందు పనో, ఏది దాయాది దగ్గు పనో తేలలేదు. చివరికి పెద్ద డాక్టరు అన్నకు సోమవారం, తమ్ముడికి గురువారం అని ఆర్డరు వేశాడు.

రెండు నెలలకు అన్న ప్రెషరు బాగా దిగింది. గుండె చప్పుడు కుదుటపడింది. కాగితంలో "అనుకోని గుణాలు" అని నాలుగు గళ్ళుండేవి: ముక్కు దిబ్బడ, మగత, విరేచనాలు, చెడ్డ కలలు. నాలుగూ అడిగాను. "ఏం లేదు" అన్నాడు. అంతకు ముందు ఒక ప్రశ్నకు పది జవాబులు చెప్పిన మనిషి. నాకు ఆ తేడా తట్టలేదు. "బాధలు లేవు" అని సంతోషంగా రాసుకున్నాను.

తమ్ముడి ప్రెషరు దిగకపోగా ఎక్కింది. పైగా నాలుగు గళ్ళలోని బాధలూ తనకున్నాయన్నాడు. ముక్కు దిబ్బడ మరీ ఎక్కువంట.

"ఇంకేమన్నా ఇబ్బందా?" అని అడిగాను.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సార్, మా అన్న రాజీకొచ్చినాడు. నేను గట్టు నాలుగడుగులు జరుపుతానంటే, ఆరు తీసుకోరా అని వేలిముద్ర వేసిచ్చినాడు. అడిగినదానికన్నా ఎక్కువ ఎవురన్నా ఇస్తారా సార్? ఏందో పెద్ద ఎత్తు వేసినాడు. అదేందో తెలీక నాకు నిద్ర పట్టడం ల్యా."

ఆ తర్వాత వారం ఆ పల్లె పంచాయతీ ప్రెసిడెంటు వచ్చాడు. ఏడో నంబరు సీసాలు ఇంకో నాలుగు కావాలన్నాడు. ఒకటి వాళ్ళ అత్తకట, ఒకటి పొడిచే ఎద్దుకట, తక్కినవి ఎన్నికల దాకా దాచిపెడతాడట. "మా ఊర్లో ఇరవై ఏండ్లుగా ఎవురూ చెయ్యలేని పని మీ మాత్ర చేసింది డాక్టరప్పా" అని నాకు శాలువా కప్పబోయాడు. వద్దన్నానేగానీ, లోపల పొంగిపోయాను. ఆ సంగతి ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఆ పొంగు పది రోజులుంది. ఒక పొద్దున అన్న భార్య ఒక్కతే బస్సెక్కి ఆస్పత్రికి వచ్చింది. వరండాలో నేలమీద కూర్చుని, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఆయప్ప నన్ను తిట్టడం ల్యా సామీ."

నవ్వొచ్చింది, ఆపుకున్నాను. "తిట్టకపోతే మంచిదే కదమ్మా."

"ముప్పై ఏండ్లు తిట్టినాడు. పొద్దున్నే లేస్తానే అరుస్తా లేస్తాడు. ఆ అరుపు వింటే ఈ దినం కూడా బాగుండాడు అనుకునేదాన్ని. ఇప్పుడు కోడి కూయకముందే లేచి గోడకల్లా చూస్తా కూచ్చుంటాడు. సంగటి పెడితే రెండు ముద్దలు తిని లేస్తాడు. మొన్న దూడ తల్లి దగ్గర పాలు తాగుతా ఉంటే చూసి ఏడ్చినాడు. పక్కింటోళ్ళు నీ మొగుడు సాధువైనాడే అని నవ్వుతాండారు. నాకు బయమైతాంది సామీ."

నా నవ్వు పోయింది. ఆమెతోనే బస్సెక్కాను.

అన్న ఇంట్లో లేడు. చేని దగ్గర దిగుడుబావి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. జొన్న కోతకొచ్చి ఉంది, పిట్టలు వాలి తింటున్నాయి, ఆయన అదలించడం లేదు. పక్కన కూర్చుని ఎలా ఉందని అడిగాను.

"బాగనే ఉండాదప్పా" అన్నాడు. నీళ్ళ వైపు చూస్తూ, "ఈ నీళ్ళు శానా చల్లగ కనపడతాండాయి. అందర్నీ ఇడిసిపెట్టి దాంట్లో కూచ్చుందామా అనిపిస్తాది" అన్నాడు. ఏదో వాన సంగతి చెప్పినట్టు చెప్పాడు.

ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. గూట్లో ఉన్న ఏడో నంబరు సీసా తీసి నా సంచీలో వేసుకున్నాను. మాత్ర ఇంక వద్దన్నాను, ఆయన్ను ఒక్కక్షణం కూడా ఒంటరిగా వదలొద్దని భార్యకు చెప్పాను. తమ్ముడు తన వాకిట్లో నిలబడి ఇదంతా చూస్తున్నాడు. "నా సీసా కూడా తీస్కపోతావా సార్?" అని కేకేశాడు.

పెద్ద డాక్టరు మండిపడ్డాడు.

"ప్రెషరు దిగిందా?"

"దిగిందండీ."

"గుండె?"

"బాగుందండీ."

"మరి నీ బాధేమిటయ్యా?"

"మనిషి బాగాలేడండీ."

"దానికి మన కాగితంలో గడి లేదు కదా" అన్నాడు. వెటకారం కాదు, ఆయన నిజంగానే కాగితం వెనక్కీ ముందుకీ తిప్పి వెతికాడు.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నాకు చెప్పకుండా ఆస్పత్రి జీపులో ఆ పల్లెకు వెళ్ళాడు. అన్న ఎదురుగా పావుగంట కూర్చున్నాడని తర్వాత తెలిసింది. తిరిగొచ్చి, ఇనప్పెట్టె తీసి లక్కముద్ర పగలగొట్టాడు. ఏడో నంబరు మందు. ఎనిమిదో నంబరు సుద్ద.

అన్ని బాధలూ ఉన్నాయన్నవాడు తిన్నది సుద్ద. ఏ బాధా లేదన్నవాడు తిన్నది మందు. పెద్ద డాక్టరు ఆ కాగితం పక్కన పెట్టాడు. తర్వాత స్కేలు తెప్పించుకుని, మిగిలిన కాగితాలన్నిటి మీదా తన చేత్తోనే ఐదో గడి గీశాడు. దాని నెత్తిన "ఇంట్లోవాళ్ళు ఏమంటున్నారు" అని రాశాడు. ఆ గడి నింపడానికి నేను బద్వేలు దాకా ఇల్లిల్లూ తిరిగాను. అన్న లాంటివాళ్ళు ఇంకో ఇద్దరు బయటపడ్డారు. ఇద్దరి కాగితాల్లోనూ నా చేత్తో "బాధలు లేవు" అని రాసి ఉంది.

అన్న తేరుకోవడానికి చాలా వారాలు పట్టింది. ఒక సోమవారం ఆస్పత్రి గేటు దగ్గర గొడవ వినబడితే బయటికొచ్చి చూశాను. అన్న గేటు జవానును దులిపేస్తున్నాడు. వెనక ఆయన భార్య, ముఖం వెలిగిపోతోంది. "నిన్న కూరలో ఉప్పు లేదని నన్ను అరగంట తిట్టినాడు సామీ" అంది. ఉప్పు మానమన్నది నేనే. ఆ సంగతి ఆయనకు గుర్తు చేయలేదు.

తేరుకున్న మనిషి మొట్టమొదట చేసిన పని, రాజీ కొట్టేయమని దావా వేయడం. వేలిముద్ర వేసినప్పుడు తన మనసు తనది కాదని ఆయన వాదన. సాక్షిగా నన్ను పిలిచారు. చేరి ఏడాదైనా కాలేదు, మునసబు కోర్టులో బోనెక్కాను.

తమ్ముడి ప్లీడరు నల్లకోటు సర్దుకుని లేచాడు. "డాక్టరుగారూ, ఆ రోజుల్లో ఈయన ఎవర్నన్నా కొట్టాడా?"

"లేదండీ."

"తిట్టాడా?"

"లేదండీ."

"దాయాదితో స్నేహంగా రాజీపడ్డాడు. దీన్ని మీరు జబ్బంటున్నారు."

"అంటున్నాను."

"రాజీపడడం జబ్బా?"

"అందరికీ కాదండీ. ఈయనకు."

కోర్టంతా గొల్లున నవ్వింది. అన్న మాత్రం నవ్వలేదు, నిటారుగా కూర్చుని నన్నే చూస్తున్నాడు. ఆ చూపు చూశాక నాకు భయం పోయింది. "నేనీయన్ను బావి మెట్ల మీద చూశానండీ. ఆ వేలిముద్ర తమ్ముడికి ఇద్దామనుకుని వేసింది కాదు. తనకింక ఏదీ అక్కర్లేదనుకుని వేసింది" అన్నాను. నవ్వులు ఆగిపోయాయి.

ప్లీడరు వదల్లేదు. "మరి నా కక్షిదారు కూడా మీ మాత్రలే మింగాడు. ఆయన మనసూ చెడిందా?"

"ఆయనకిచ్చింది సుద్దండీ."

తమ్ముడు లేచి నిలబడ్డాడు. "సుద్దనా? ఇన్నాళ్ళు నా ముక్కు దిబ్బడేసింది సుద్దకా?" అని కేకేశాడు. అంతవరకూ ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేనే, మరిచిపోయాను. అన్న వెనక్కి తిరిగి, ఎన్నో నెలల తర్వాత మొదటిసారి తమ్ముణ్ణి పేరుపెట్టి పిలిచి, ఒక బూతు మాటన్నాడు. తమ్ముడు అంతకు రెట్టింపు అన్నాడు. జవాన్లు ఇద్దర్నీ పట్టుకున్నారు. తమ్ముడి ముఖంలో అంత నిశ్చింత నేనెప్పుడూ చూడలేదు. అన్న ఎత్తేమిటో అర్థంకాక ఇన్నాళ్ళూ నలిగిపోయిన మనిషి కదా.

తీర్పు నాడు కూడా వెళ్ళాను. రాజీ చెల్లదన్నారు. గట్టు వ్యాజ్యం మళ్ళీ మొదటికొచ్చింది. బయటికి వస్తుంటే బంట్రోతు వచ్చి, అయ్యగారు లోపలికి రమ్మంటున్నారన్నాడు.

మునసబుగారు మెత్తని మాటల మనిషి. కోర్టులో ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. తలుపు వేయించి, సొరుగులోంచి ఒక సీసా తీసి బల్లమీద పెట్టాడు. "నాకూ ప్రెషరుంది. మద్రాసులో ఒకాయన రాసిచ్చాడు. ఇది మీరు చెప్పిన మాత్రేనా?"

చూశాను. అదే.

"ఆర్నెల్లుగా వేసుకుంటున్నాను" అన్నాడు. "నాకే బాధా లేదు. చిన్నప్పటి నుంచీ నేను శాంతస్వభావుణ్ణే."

ఐదో గడి గుర్తొచ్చి అడిగాను. "ఇంట్లో అమ్మగారేమంటున్నారండీ?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "ఆర్నెల్లుగా ఆవిడ చాలా సంతోషంగా ఉంది" అని నెమ్మదిగా అన్నాడు. ఆ మాట అంటుండగానే ఆయన ముఖం మారింది.

మాత్ర ఎలా తగ్గించుకోవాలో కాగితం మీద రాసిచ్చి, వారానికోసారి వచ్చి చూస్తానని చెప్పాను. నెల తిరక్కుండా బజార్లో బంట్రోతు కనిపించాడు. "అయ్యగారికి ఏమైందో ఏమో సార్, నిన్న రెండుసార్లు బల్ల గుద్దినాడు. ప్లీడర్లందరూ హడలిపోతాండారు" అన్నాడు.