కాలికి అల్లుకున్న రగ్గు

ఆ రోజుల్లో మగవాడి పరువు ఎక్కడుంటుందని ఎవరైనా అడిగి ఉంటే, మోటారు సైకిలు మీదా మీసం మీదా అని తడుముకోకుండా చెప్పేవాణ్ణి. మీసం నాకింకా సరిగా రాలేదు కాబట్టి ఆ బరువంతా బండే మోసేది. డిగ్రీ అయిపోయి అల్లూరులో రొయ్యల మేత అమ్మే షాపులో కొత్తగా చేరాను. గుంట గుంటకీ తిరిగి రొయ్యలెలా ఉన్నాయో, మేత ఎంత కావాలో కనుక్కుని రావడం నా పని. మా యజమానిని ఊరంతా మీసాలన్న అనేవారు. ఆయన మాట్లాడేది తక్కువ. ఎదుటివాడు మాట్లాడేంతసేపూ మీసం కొస సవరించుకుంటూ ఊరుకునేవాడు, చెప్పేవాడు తనంతట తనే నిజం చెప్పేసేవాడు. ఒక వానరోజు గుంట కట్ట మీద బండి జారి, నేనొక గుంటలోనూ బండి ఇంకొక గుంటలోనూ పడ్డాం. బండికేమీ కాలేదు. నా కుడికాలి ఎముక విరిగింది. నెల్లూరు ఆసుపత్రిలో తొడ నుంచి వేళ్ల దాకా సిమెంటు కట్టు వేసి, లోపల దురద పుడుతుందనీ, పుల్లలూ స్కేళ్లూ దూర్చవద్దనీ, పుండు పడితే కాలికే మోసమనీ డాక్టరు గారు మరీ మరీ చెప్పి పంపించారు. నేను బుద్ధిగా తల ఊపాను.

ఇంట్లో అప్పటికే ఒక మంచం నిండి ఉంది. అక్క పురిటికి వచ్చింది. ఇంకా నెలలు నిండలేదు గాని, మంచం దిగవద్దన్నారు. ఇప్పుడు దాని పక్కన నా మంచం. మధ్యలో అమ్మ, ఒకరికి జావా ఒకరికి రాగి సంకటీ అందిస్తూ, ఇద్దరినీ పెంచి పెద్ద చేసినట్టే లేదని గొణుక్కుంటూ తిరిగేది. అక్క ఫోనులో ఎవరో ఒకావిడ, త్వరగా అల్లుకోగల వెచ్చని అఫ్గాన్ రగ్గు అంటూ మంచు పడే ఊరిలో కూర్చుని నేర్పించేది. (మా వైపు రగ్గు కప్పుకునేంత చలి ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతుందో కాచుకుని కూర్చుంటే గాని తెలియదు. ఆ సంగతి అక్కతో అంటే, బిడ్డ పుట్టేది మార్గశిరంలో అని కళ్లురిమింది.) బావ చేత నెల్లూరు నుంచి ఆవపువ్వు రంగు ఊలూ, నీలం ఊలూ తెప్పించుకుంది. ఆ అల్లికకు వాడే సూది మామూలు క్రోషా సూదిలా పొట్టిది కాదు. మూరకు కాస్త తక్కువ పొడవు, ఒక కొసన కొక్కెం, రెండో కొసన గుండీ. వరసలో ఉచ్చులన్నీ దాని మీదకి ఎక్కించుకుంటూ పోయి, మళ్లీ ఒక్కొక్కటే దించుకుంటూ రావాలి.

పాపం, రగ్గు జానెడు పెరిగేసరికి అక్క చేతులకు నీరు వచ్చింది. వేళ్లు తిమ్మిరెక్కి సూది నిలిచేది కాదు. ఒక మధ్యాహ్నం ఊలు ఉండని పక్కన పెట్టి, గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఆ ఏడుపు చూడలేకో, పైకప్పు చూసి చూసి విసుగెత్తో గాని, సూది నేను తీసుకున్నాను. మొదట్లో రగ్గు ఒక వైపు తమలపాకులా సన్నబడింది, ఇంకో వైపు బానలా ఉబ్బింది. విప్పాను, మళ్లీ అల్లాను. కొన్నాళ్లకు చెయ్యి కుదిరింది. కుదిరిందంటే అంతా ఇంతా కాదు, అక్క అల్లిన జానెడులో తప్పులు కూడా దిద్దడం మొదలుపెట్టాను. (అది మంచి పనేమీ కాదు, మంచం పక్కనున్న నీళ్ల చెంబు నా మీదికి వచ్చింది.)

అసలు బాధ దాచడంలో ఉంది. గుంటల మీద నాతో తిరిగే కుర్రాళ్లకు ఈ సంగతి తెలిస్తే, కాలు బాగయినా నేను అల్లూరులో తలెత్తుకోలేను. అందుకని గేటు చప్పుడైతే చాలు, రగ్గు ఎగిరి అక్క ఒళ్లో పడేది. అక్క సూదిని తలకిందులుగా పట్టుకుని గంభీరంగా ముఖం పెట్టేది. వచ్చినవాళ్లు, ఇంత వాపు చేతులతో ఎంత చక్కగా అల్లుతున్నావమ్మా అని మెచ్చుకుంటే అక్క వినయంగా తల దించుకునేది. నాకు లోపల ఉడికిపోయేది.

ఉక్కపోతగా ఉన్న ఒక మధ్యాహ్నం, మోకాలి కింద దురద పుట్టింది. డాక్టరు గారి మాట గుర్తుంది. కాని ఆ దురద ముందు డాక్టరు గారెంత? చేతిలో అంత పొడవాటి సూది ఉంది. ఆఖరి ఉచ్చు దాని మీదే ఉంటే, దించే ఓపిక లేక, ఊలు కాస్త వదులు చేసి కట్టు పైనుంచి లోపలికి తోశాను. ఆహా, ఆ సుఖం ఏం చెప్పను. కళ్లు మూతపడ్డాయి. తీద్దామని లాగితే రాలేదు. కొక్కెం లోపలి దూదికి పట్టుకుంది. తిప్పాను, ఇంకా బిగిసింది. కట్టు అంచున గుండీ ఒక్కటే కనిపిస్తోంది, దాని పక్క నుంచి ఊలు బయటికి వచ్చి, దానికి రగ్గు, రగ్గుకి నేను. సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. రగ్గుని అక్క వైపు విసిరాను. అది మధ్యదాకా పోయి, ఊలు పట్టేసి, రెండు మంచాల మధ్య ఊయలలా వేలాడింది.

వచ్చింది మీసాలన్న. చేతిలో బత్తాయిల సంచి. కుర్చీ లాక్కుని కూర్చుని, నా కాలు చూశాడు, ఊలు చూశాడు, వేలాడుతున్న రగ్గు చూశాడు. మీసం కొస మీదికి చెయ్యి పోయింది.

"ఏందబ్బయా, కాలికి ఊలు కట్టుకోని ఉండావు?"

అక్కే అందుకుంది. "దిష్టికి కట్టినామన్నా. మా అత్తగారు చెప్పినారు."

ఆయన తలాడించాడు. నా పనిలోకి తాత్కాలికంగా ఇంకొకరిని పెట్టాల్సి వస్తుందేమోనని మెల్లగా చెప్పబోయాడు. ఆ మాట వినగానే నేను లేచి కూర్చోబోయాను. సూది లోపల గుచ్చుకుంది. నోట్లోంచి వచ్చిన కేకకు వంటింట్లోంచి అమ్మ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. సూది కట్టులో ఇరుక్కున్న సంగతి బయటపడింది. అక్క పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఎంతకీ ఆగక, పొట్ట పట్టుకుని నవ్వీ నవ్వీ, ఉన్నట్టుండి ఆగింది. ముఖం పాలిపోయింది.

"అమ్మా, ఇది నవ్వుతో వచ్చిన నొప్పి కాదుమా," అంది.

ఇక ఆ తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు. మీసాలన్న బయటికి పోయి, మేత బస్తాలు మోసే వ్యాను గుమ్మంలోకి తెచ్చాడు. అక్కనీ అమ్మనీ ముందు కూర్చోబెట్టి, నన్ను భుజానేసుకుని వెనకాల ఖాళీ సంచుల మీద పడుకోబెట్టాడు. రగ్గు ఊలు ఉండతో సహా నాతోనే వచ్చింది, రాక ఏం చేస్తుంది. వాన మొదలైంది. నెల్లూరు దాకా రోడ్డు మీద గుంత తగిలిన ప్రతిసారీ నా కాల్లో సూదీ, ముందు నుంచి అక్క మూలుగూ. నా నొప్పి నాకు పెద్దగా తెలియలేదు. ఆ మూలుగు ఆగినప్పుడల్లా గుండె జారిపోయేది, మళ్లీ వినబడితే ఊపిరి వచ్చేది. నేను వెధవ పని చెయ్యకపోతే అక్క అంతలా నవ్వేది కాదు, నవ్వకపోతే ఇలా అయ్యేది కాదు అని లెక్క కట్టుకుంటూ రగ్గుని గుండెలకు అదుముకుని పడుకున్నాను.

ఆసుపత్రిలో అక్కని ఒక వైపు తీసుకుపోయారు, నన్ను ఇంకో వైపు. కట్టు కోసే కుర్ర డాక్టరు, ఈ దుప్పటిని కూడా కోయాలా అని అడిగితే, ఊలు తెగకుండా తియ్యండి సార్ అని చేతులు జోడించాను. చర్మం కాస్త గీరుకుపోయింది, అంతే. మందు రాసి, కొత్త కట్టు వేసి, సూది నా చేతికిచ్చి, ఆయన తల అటు తిప్పుకున్నాడు. (భుజాలు కదులుతున్నాయి గనక ముఖం చూడనక్కర్లేదు.) నన్ను చక్రాల కుర్చీలో కాన్పుల గది బయటికి తెచ్చేసరికి అమ్మ తలుపు పక్కన నిలబడి ఉంది. బావ బుచ్చిరెడ్డిపాలెం నుంచి తడిసి ముద్దయి వచ్చాడు. బిడ్డ పుట్టింది, ఆడపిల్ల, బరువు తక్కువ, వెచ్చదనం కోసం అద్దాల పెట్టెలో ఉంచారు, ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారు. అక్క మగతలో ఉందట.

వరండా నిండా జనం. నా ఒళ్లో రగ్గు. ఏం చెయ్యాలో తోచలేదు. ఊరికే కూర్చోలేక సూది పట్టుకున్నాను, పట్టుకున్న సూది అల్లడం మొదలుపెట్టింది. కాసేపటికి తలెత్తితే, ఎదురు బెంచీ మీద మీసాలన్న నన్నే చూస్తున్నాడు.

"మీ అక్క కాదా అల్లేది? నువ్వా?"

"నేనేన్నా."

చుట్టుపక్కల వాళ్లు కూడా చూస్తున్నారు. ఊలు ఉండ జారి బెంచీ కిందకి దొర్లింది. మీసాలన్న వంగి దాన్ని తీసి, పంచెకు తుడిచి, తన ఒళ్లో పెట్టుకున్నాడు. నేను లాగిన కొద్దీ ఊలు వదులుతూ, "కానీ, అల్లు. డాక్టరమ్మ వచ్చేదాకా మనమేం చేస్తాం," అన్నాడు. అలా ఇద్దరం, ఆ చివరా ఈ చివరా కూర్చుని, వరస తర్వాత వరస అల్లుతూ ఉన్నాం.

దీపాలు పెట్టే వేళకు నర్సమ్మ బయటికి వచ్చి, బిడ్డ గట్టిగా ఏడ్చిందనీ ఊపిరి బాగా తీసుకుంటూ ఉందనీ చెప్పింది. నేను సంతోషం పట్టలేక రగ్గు చాపాను. ఆమె ఒక్కసారి దాన్ని చూసి, "ఆ మురికి ఊలు బిడ్డ కాడికి తేబాకు నాయనా. ఉతికి ఎండేసినాక చూస్తాం," అంది. అమ్మ నవ్వింది. మీసాలన్న కళ్లు తుడుచుకుంటూ, తుడుచుకుంటున్నది ఊలు ఉండతోనని చూసుకోలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, నా కాలు బాగయ్యేదాకా గుంటలు తనే చూసుకుంటానని, ఇంకెవరినీ పెట్టడం లేదని చెప్పి వెళ్లాడు.

ఆ పిల్ల ఇప్పుడు బడికి పోతోంది, ఆ రగ్గు మీద తన బొమ్మల్ని పడుకోబెడుతుంది. మొన్న చలికాలం, చల్లబడిన ఆ నాలుగు రోజుల్లో, తనకు ఇంకోటి కావాలందని సాయంత్రం అరుగు మీద కూర్చుని కొత్తది మొదలుపెట్టాను. దారిన పోయేవాళ్లు ఆగి, రొయ్యల ధర అడిగి, వాన కబుర్లు చెప్పి పోతున్నారు. నా చేతిలో ఏముందని ఒక్కరూ అడగలేదు. చిత్రంగా, కాస్త చిన్నబుచ్చుకున్నాను. గేటు చప్పుడైతే చాలు, ముఖం ఎర్రబడి, లోకమంతా తన వైపే చూస్తోందని నమ్మిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వే వస్తుంది గాని, వాణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలనీ అనిపిస్తుంది.