గుర్రానికేనా అక్కా?

మా మేనత్త పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను చెన్నై మనలిలో మా కంపెనీ స్టోర్స్‌లో ఉన్నాను, డ్రమ్ముల మీద చీటీలు సరిచూస్తూ. ఫోన్ చేసింది మా పక్కింటాయన, మేం గుర్రం అన్న అని పిలిచే మనిషి. పొద్దున కోళ్ళ గూడు ముందు పీట మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందట. ఏడుస్తూ అంతా చెప్పి, చివర్లో, "పాపా, పిల్లలకి మేత ఇంకా ఎయ్యలా" అన్నాడు. పిల్లలంటే కోడిపిల్లలు. నిజం చెబుతున్నాను, తిట్టుకోకండి, నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పోతూ పోతూ కూడా ఈవిడ నాకు పని అప్పజెప్పే పోయింది అనుకున్నాను.

మీకు ఆవిడ తెలిసి ఉండదు. తిరువొత్తియూరులో రైలు పట్టాలకీ సముద్రానికీ మధ్య ఉన్న మా సందులో మాత్రం తెలియనివాళ్ళు లేరు. మామయ్య పోయాక ఇంటి వెనక జాగాలో నాటుకోళ్ళు పెంచుకుని బతికింది. సొంత బిడ్డలు లేరు. అమ్మానాన్నలు లేని నన్ను తెచ్చి పెంచింది కూడా ఆవిడే. అందుకని కోళ్ళ మీద ఎంత పెత్తనమో నా మీదా అంతే చేసింది. తేడా ఏమిటంటే కోళ్ళు ఎదురు చెప్పేవి కావు.

కోళ్ళు పెంచినవాళ్ళకి తెలుసు, పసి కోడిపిల్లల పేగులకి ఒక పాడు జబ్బు వస్తుంది. కింద పరిచిన ఊక తడిస్తే చాలు. పిల్లలు రెక్కలు వేలాడేసుకుని ఒక మూల గుంపుగా నిలబడతాయి, రెట్టలో రక్తం పడుతుంది, రెండు మూడు రోజుల్లో గూడు ఖాళీ అయిపోతుంది. మా సందులో సముద్రపు గాలికి ఊక ఎప్పుడూ చెమ్మే. వానాకాలం సంగతి చెప్పక్కర్లేదు. జబ్బు వచ్చాక చేయగలిగింది తక్కువ, రాకుండా చూసుకోవడమే దారి. దానికోసం మందు కలిపిన దాణా అమ్ముతారు. అత్త దాన్ని మందు మేత అనేది. పిల్లలకి మందు మేత, గుడ్లు పెట్టే పెద్దకోళ్ళకి మందు లేని ఉత్త మేత. అంతే. ఇంత చిన్న సంగతి పెట్టుకుని నా ప్రాణం ఎన్నేళ్ళు తోడేసిందో చెప్తాను వినండి.

దాణా కొనడానికి వాషర్‌మెన్‌పేట్ పోవాలి. చెమ్మకి బూజు పడుతుందని ఎప్పుడూ అర మూటలే కొనేది. అర మూట అంటే కొట్టువాళ్ళు పెద్ద మూట విప్పి, సగం తెల్లగోతాంలో పోసి ఇస్తారు. ఆ గోతాం మీద అక్షరం ముక్క ఉండదు. మందు మేతా ఉత్త మేతా చూడడానికి ఒకటే పసుపు నూక. వాసనా ఒకటే. అందుకని మా అత్త కొట్టు మధ్యలో, జనం మధ్యలో, అసలు మూటకి కుట్టిన చీటీ తన కళ్ళముందే కోసి ఇమ్మని కూర్చునేది.

"ఆ చీటీ కొయ్యి సామీ. కొయ్యకపోతే నేనీడనే కూచుంటా."

"వేరే బేరాలుండాయి గదమ్మా" అని కొట్టాయన బతిమాలేవాడు.

"ఉండనీ. వాళ్ళకీ కోసియ్యి."

నేను సంచి పట్టుకుని సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. అది చాలదన్నట్టు ఆ చీటీ నా చేతికి వచ్చేది. ఆవిడకి చదువు రాదు.

"మందు ఉండాదా లేదా, సదువు."

"ఉండాది అత్తా."

"మళ్ళీ సదువు."

"ఇప్పుడేగదా సదివినా!"

"ఇందాక నువ్వు ఫోను జూస్తా సదివినావు. ఈసారి నా మొగం జూసి చెప్పు."

కంపెనీలో వారమంతా డ్రమ్ముల చీటీలు చదివీ చదివీ కళ్ళు లాగేస్తుంటే, సెలవు రోజున బజారులో నిలబడి కోళ్ళ మేత చీటీ రెండోసారి చదవడం ఏం ఖర్మో మీరే చెప్పండి. ఇంటికి వచ్చాక పాతచీర అంచు చించి, పసుపులో ముంచి ఆరబెట్టిన గుడ్డలో ఆ చీటీని మడిచి, ముడివేసి, మందు మేత గోతాం మెడకి కట్టేది. పసుపైతే కళ్ళద్దాలు లేకపోయినా దూరం నుంచి కనిపిస్తుందట. మందు గోతాంలో ముంచిన డబ్బా రెండో గోతాంలో పడకూడదు. పొరపాటున నేను ఒకసారి ముంచితే ఆ డబ్బాని సబ్బుతో మూడుసార్లు తోమించింది. "మందు ఒకరికి మందు, ఇంకొకరికి మన్ను" అనేది. ఈ మాట నిద్దట్లో లేపి అడిగినా చెప్పగలను, అన్నిసార్లు విన్నాను.

కోతకి అమ్మేటప్పుడు ఇంకో గోల. మాంసంలో మందు ఉండకూడదని, మందు మేత ఆపి కొన్ని దినాలు గడిస్తేగానీ కోడిని అమ్మేది కాదు. పెళ్ళి విందు అని కారు వేసుకుని వచ్చినవాళ్ళని కూడా "ఇంకా దినాలు గాలేదు పోండి" అని గుమ్మంలోంచే తిప్పి పంపింది. వాళ్ళు నన్ను చూశారు, నేను గోడని చూశాను.

ఇక గుర్రం సంగతి. పక్కింటి అన్నకి ఉన్నది ఒకే గుర్రం. ఆదివారాలు బీచిలో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పడం, పెళ్ళిళ్ళలో ఊరేగింపుకి తీసుకుపోవడం, ఆ ఇంట్లో నలుగురి తిండీ దాని వీపు మీదే. ఆయన పొద్దున్నే ఒక గంప లద్దె తెచ్చి మా పెరట్లో పోస్తాడు. కోళ్ళు దాన్ని గీరి పురుగులు ఏరుకుంటాయి. బదులుగా మా అత్త రెండు డబ్బాల ఉత్త మేత ఇచ్చేది. ఆయన పెరటి గడప దగ్గర బకెట్ పట్టుకుని నిలబడి అడిగేవాడు:

"గుర్రానికేనా అక్కా?"

"గుర్రానికే."

అని, మా అత్త ఆ గోతాంలోంచి చిటికెడు నూక తీసి నోట్లో వేసుకుని నమిలేది. మింగాక ఆయన డబ్బా ముంచుకునేవాడు. రోజూ ఇదే. పండగ లేదు, జ్వరం లేదు. నేను బస్సుకి పరిగెత్తాలని చెప్పులు వేసుకుంటే ఈ ఇద్దరూ దారికి అడ్డంగా నిలబడి ఈ తంతు జరిపేవాళ్ళు.

ఒకరోజు ఉండబట్టలేక అరిచాను. "మందుకి రుచేంది అత్తా? నువ్వు తింటే ఏం తెలస్తాది? ఊరికే నా బస్సు పోతా ఉండాది!"

"రుచి కోసం ఎవురు తింటా ఉండారే?" అంది నెమ్మదిగా. "నేను తప్పు జేసుంటే నా నోట్లోగూడా పడాలని."

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. నేను పదో తరగతిలో ఉండగా అన్నకి ఒక తెల్ల గుర్రం ఉండేది. ఆడది, సాధువు, మా సందు పిల్లలమంతా దాని మెడ కౌగిలించుకునేవాళ్ళం. ఆ ఏడాది వానలకి ఉత్త మేత అయిపోయింది. కోడిపిల్లలకి బలమిచ్చేది గుర్రానికి చెడ్డదా అనుకుని అత్త తన చేత్తో, ప్రేమగా, మందు మేత డబ్బాలు డబ్బాలు పోసింది. మర్నాటికి దానికి ఒళ్ళంతా చెమటలు. వెనక కాళ్ళు వణికి సాయంత్రానికి పడిపోయింది. పశువుల డాక్టరు వచ్చి ఏం పెట్టారని అడిగాడు. అత్త దాచలేదు, ముందుకు వచ్చి గోతాం చూపించింది. కోడిపిల్లల పేగుల్ని కాపాడే ఈ మందు గుర్రం గుండెకి విషం అన్నాడాయన. ఇక చేసేదేమీ లేదన్నాడు. అన్న ఒక్కమాట అనలేదు. గుర్రం మెడ మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. తిట్టినా బాగుండేదని అత్త చాలాకాలం అనుకునేది.

ఆయన చాలా రోజులు మా పెరట్లోకి రాలేదు. అప్పుచేసి ఇంకో గుర్రాన్ని తెచ్చుకున్నాడని తెలిసి, అత్త ఉత్త మేత బకెట్‌లో పోసుకుని తానే వాళ్ళింటికి వెళ్ళింది. నేను వెనకే ఉన్నాను. ఆయన బకెట్ వైపు చూసి, కోపంగా కాదు, భయంగా అడిగాడు, "గుర్రానికేనా అక్కా?" అని. అత్త ఒక గుప్పెడు తీసి నోట్లో కుక్కుకుంది. నమలలేక దగ్గు వచ్చి, కళ్ళలో నీళ్ళు తిరిగి, అయినా ఉమ్మకుండా మింగింది. చీటీలూ పసుపు గుడ్డా ఈ తంతూ అన్నీ అప్పట్నుంచి మొదలయ్యాయి.

ఇదంతా తెలిసి కూడా నీకు విసుగేమిటి అంటారేమో. తెలియడం వేరండీ, రోజూ పొద్దున్నే బస్సు తప్పిపోవడం వేరు.

అత్త పోయిన మూడోరోజుకి సూళ్ళూరుపేట నుంచి మా పెద్దమ్మ వచ్చింది. మంచి మనిషి, పని రాక్షసి. వచ్చే జనానికి చోటు కావాలని నేను లేచేలోపే వసారా అంతా సర్దేసింది. నేను పెరట్లోకి వెళ్ళేసరికి అన్న బకెట్‌తో గడప దగ్గర నిలబడి ఉన్నాడు. రెండు రోజులూ రాలేదు, గుర్రానికి గడ్డి తప్ప ఏమీ లేదట. లోపలికి రాడు, అడగడు, ఊరికే నిలబడ్డాడు. నేను మేత గోతాలుండే మూలవైపు చూస్తే అవి అక్కడ లేవు. గోడవారగా పక్కపక్కన పెట్టి ఉన్నాయి. దేని మెడకీ పసుపు గుడ్డ లేదు.

"పెద్దమ్మా! ఈ మూటకి పసుపు గుడ్డ ఉండాల, ఏదీ?"

"అదా, నేనే ఇప్పి నా సంచిలో పెట్టినాలేమ్మా. తిరపతి పోయినప్పుడు హుండీలో ఏస్తా. పాపం, మొక్కు తీరకుండానే పాయె మీ అత్త."

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. పసుపు గుడ్డ, ముడి, లోపల ఏదో మడిచి పెట్టి ఉంది. ఎవరికైనా అది ముడుపే కదా.

"అది ముడుపు గాదు పెద్దమ్మా! కోళ్ళ మేత చీటీ! ఏ మూటకుండె అది?"

"ఏ మూటేందే? రెండూ ఒకటేగదా" అంది పెద్దమ్మ అమాయకంగా.

కోళ్ళ మేత చీటీ వేంకటేశ్వరస్వామి హుండీలో పడబోయిందని తలుచుకుంటే నవ్వు వచ్చింది. అత్తకి చెప్పాలని తల తిప్పాను. పీట మీద ఎవరూ లేరు. అప్పుడు వచ్చింది ఏడుపు, మూడు రోజులు ఆగినది. ఆ గోతాల మధ్యే చతికిలబడి, ఎందుకు పోయావే ముసిలీ, ఏది ఏదో చెప్పి పోగూడదా అని తిట్టుకుంటూ ఏడ్చాను.

రెండు మేతల్నీ వేలితో రాసి చూశాను, వాసన చూశాను. ఏమీ తెలియలేదు. అన్న ఇంకా నిలబడే ఉన్నాడు. ఎదురుగా రెండు మూటలు నిండుగా ఉన్నా చెయ్యి పెట్టలేదు. ఏది ఉత్త మేతో తెలియకుండా గుర్రానికే అని ఎలా అంటాను?

"ఈ దినం వద్దన్నా" అన్నాను.

ఆయన బకెట్ గోడ మీద బోర్లించి వెళ్ళిపోయాడు. రెండు గోతాలూ కోడిపిల్లల గూడు వైపు లాగేశాను, వాటికి రెండింట్లో ఏదీ విషం కాదు. మైల ఇంట్లోంచి బజారుకి పోతావా అని పెద్దమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా వినకుండా వాషర్‌మెన్‌పేట్ బస్సు ఎక్కాను. కొట్టాయన ఉత్త మేత గోతాంలో పోశాడు. పెద్దకోళ్ళకీ గుర్రానికీ సరిపోతుంది.

"చీటీ కొయ్యండి" అన్నాను.

అత్త పోయిన కబురు విని అయ్యో అన్నవాడే, ఆవిడతో పోయిందనుకున్న పీడ మళ్ళీ వచ్చిందే అన్నట్టు నన్ను చూసి కత్తెర తీశాడు. చీటీ అక్కడే చదివాను. ఫోన్ సంచిలో పడేసి మళ్ళీ చదివాను. నా వెనక ఎవరో విసుక్కుంటున్నారు. విసుక్కోనీ అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే అన్న వచ్చి గోడ మీది బకెట్ తీసుకుని గడప దగ్గర నిలబడ్డాడు.

"గుర్రానికేనా అక్కా?" అనేశాడు అలవాటుకొద్దీ. నాలిక కరుచుకుని, "పాపా" అన్నాడు.

"గుర్రానికే అన్నా."

తల ఊపాడు. కానీ డబ్బా ముంచలేదు. గోతాం నోరు తెరిచే ఉంది, ఆయన కళ్ళు కిందికి వాల్చుకుని నిలబడే ఉన్నాడు. చదివి చెప్పానుగా, ఇంకేం కావాలి ఈయనకి అని విసుగు ముంచుకొచ్చింది. సందు చివర బస్సు హారన్ కూడా వినిపించింది. అప్పుడు గుర్తుకొచ్చింది.

వంగి చిటికెడు నూక తీసి నోట్లో వేసుకున్నాను. పిండి పిండిగా ఉంది, అంగిట్లో అతుక్కుంది, ఎంత నమిలినా దిగలేదు. ఇన్నేళ్ళు రోజూ ఎలా మింగిందో మహాతల్లి. ఎలాగో దించుకున్నాక ఆయన డబ్బా ముంచాడు, రెండుసార్లు. బయట గుర్రం బకెట్‌లో తల పెట్టింది. బస్సు వెళ్ళిపోయింది. పళ్ళ సందున ఇరుక్కున్న నూక నాలికతో తీసుకుంటూ, గుర్రం అడుగుదాకా నాకి తల ఎత్తేవరకూ నేను గడపలోనే నిలబడి ఉన్నాను.