తలుపు లేని స్టోరు రూము

ఆ వీధిలో ఆయన్ని అందరూ స్టోరుబాబు అంటారు. ముప్పయ్యొక్కేళ్ళు ఓ ఫ్యాక్టరీ గోడౌనులో స్టోర్‌కీపరుగా చేసి రిటైరయ్యాడు. గోడౌను ఆయన్ని వదిలింది గానీ ఆయన గోడౌనుని వదలలేదు. ఇంట్లో ఉన్నవే రెండు గదులు. అందులో ఒకటి భార్య బట్టలు కుట్టుకునేది. దాన్ని ఖాళీ చేయించి, "తుఫాను స్టాకు" అని తలుపుకి బోర్డు కొట్టాడు. ఆవిడ కుట్టుమిషను నడవలోకి వచ్చి పడింది. ఆరేళ్ళుగా ఆ ఇంటికి వచ్చినవాళ్ళంతా పీతల్లా అడ్డంగా నడిచి లోపలికి పోవాల్సిందే.

గదిలో బియ్యం, పప్పు, ఉప్పు, కొవ్వొత్తులు, కిరోసిన్ స్టవ్వు, నీళ్ళ క్యాన్లు. తాళంచెవి ఆయన మొలతాడుకి. లోపల్నుంచి ఏం కావాలన్నా చీటీ రాయాలి: వస్తువు, ఎన్ని, కారణం, తిరిగి ఇచ్చే తేదీ. ఒకసారి భార్య సబ్బు కోసం చీటీ రాసి, కారణం దగ్గర "అవసరం" అని పెట్టింది. వెనక్కి పంపాడు.

"అవసరమంటే ఎలాంటి అవసరం? వివరంగా రాయాలి."

"మీ చొక్కా కంపు కొడుతోందండీ. రాయమంటారా?"

సబ్బు వెంటనే మంజూరైంది.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున్నే రేడియోలో చెప్పారు, రెండు రోజుల్లో పెద్ద తుఫాను అని. ఊరంతా గుండెలు గుప్పిట్లో పెట్టుకుంటే మన స్టోరుబాబు మొహం మాత్రం పెళ్ళికొడుకులా వెలిగిపోయింది. ఆరేళ్ళ ఎదురుచూపు మరి! భార్యకి ఒళ్ళు మండింది.

"ఏమండీ, ఇదే చెప్తున్నా. ఈ తుఫానులో ఆ గది మనకి ఏ ఒక్క పూటైనా తిండి పెట్టకపోతే, గది నాది."

"ఒక్క పూట లోటొస్తే నీ మిషను నేనే మోసుకొచ్చి లోపల పెడతానోయ్!" అని మీసం మెలేశాడు.

అక్కడితో ఊరుకున్నాడా? బజారుకి పరిగెత్తి ఇంకో పన్నెండు నీళ్ళ క్యాన్లు తెచ్చాడు. నేల మీద జానెడు చోటు లేదు. ముందు కావాల్సినవి ముందుండాలన్నది గోడౌను సూత్రం. అందుకని తలుపు పక్కనే ఉన్న బిస్కెట్ల అట్టపెట్టెల మీద బియ్యం బస్తాలు, వాటి మీద క్యాన్లు, పైకప్పు తగిలేదాకా పేర్చాడు. పొట్ట బిగబట్టి సందులోంచి బయటికి జారి, తాళం వేసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నమే తుఫాను వచ్చేసింది. కిటికీ సందుల్లోంచి ఆ గదిలోకి నీళ్ళు వెళ్ళాయి. అట్టపెట్టెలు నాని మెత్తబడ్డాయి. లోపల ధబేల్‌మని ఇల్లదిరే చప్పుడు! స్టోరుబాబు పరుగున వెళ్ళి తాళం తీశాడు. తలుపు కదల్లేదు. భుజంతో నెట్టాడు, వీపుతో నెట్టాడు, చివరికి బతిమాలాడు. తలుపుకి అటువైపు బస్తాలూ క్యాన్లూ కలిసి గోడ కట్టేశాయి.

గోడౌనుకి ఉండేది షట్టరు. పైకి లేపితే లేస్తుంది, లాగితే దిగుతుంది. ఇంటి తలుపు లోపలికి తెరుచుకుంటుందన్న సంగతి ముప్పయ్యొక్కేళ్ళు షట్టరు లేపిన మనిషికి తట్టనే లేదు.

సాయంత్రానికి కరెంటు పోయింది, కుళాయి ఎండిపోయింది, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. వంటింట్లో ఏమైనా ఉందా అంటే, ఉన్నదంతా ముందురోజు ఆయనే ఊడ్చి స్టాకులో చేర్చాడు.

భార్య తాపీగా వెళ్ళి మిషను కింద కప్పిన దుప్పటి తీసింది. బియ్యం, పప్పు, బిస్కెట్లు, కొవ్వొత్తులు, చిన్న స్టవ్వు, బిందెడు నీళ్ళు! ఏదో ముందుచూపు అనుకునేరు. చీటీలు రాయలేక ఆరేళ్ళుగా దాస్తున్న సరుకు అది.

"ఇదంతా... స్టాకులో లేదే!" అని నోరు వెళ్ళబెట్టాడు.

"చీటీ రాయండి," అంది.

రాశాడు. బిస్కెట్లు, నాలుగు. కారణం దగ్గర "అవసరం" అని పెట్టాడు. చీటీ వెనక్కొచ్చింది.

"ఎలాంటి అవసరమండీ? వివరంగా రాయాలి."

స్టోరుబాబు "ఆకలి" అని రాశాడు. రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాడు. ఆరేళ్ళు ఈ మనిషిని తన ఇంట్లోనే అడుక్కునేలా చేశానా అని మొదటిసారి అనిపించింది.

మూడో రోజు వాన వెలిసింది. వడ్రంగం చేసే బావమరిది రంపంతో వచ్చాడు.

"బావా, తుఫాను నించి సరుకుని భలే కాపాడావే! నీ నించి కూడా," అని పడీపడీ నవ్వి, తలుపుని రెండు ముక్కలు చేశాడు. లోపల బియ్యం నానిపోయి రుబ్బడానికి సిద్ధంగా ఉంది.

స్టోరుబాబు గది కడిగాడు. మాట ప్రకారం మిషను తనే మోశాడు, నడుం పట్టేసినా దించలేదు. కిటికీ దగ్గర పెట్టి, జేబులోంచి ఓ చీటీ తీసి భార్య చేతికిచ్చాడు. ఆవిడ చదువుకుంది.

వస్తువు: గది. ఎన్ని: ఒకటి. తిరిగి ఇచ్చే తేదీ దగ్గర కొట్టేసి ఉంది. కారణం: నీదే.