కట్ట విప్పి చూపిన సంపూర్ణ

2008 మార్చి 19, బుధవారం పగలు పదకొండు గంటలకు కొత్తగూడెం నెట్ సెంటర్లో ‘లీఫ్ ప్లేట్స్ హోల్‌సేల్’ అని కొట్టి వెతికితే, మొదటి పేజీలో మూడో వరుసన వెదుళ్లగూడెం మహిళా సంఘం వచ్చింది. పట్నాల పెద్ద కంపెనీలు కింది వరుసలకు జరిగి కూర్చున్నాయి. వెదుళ్లగూడెమంటే జూలూరుపాడు అడవి అంచున నలభై గడపల ఊరు. బస్సు కూడా ఊళ్లోకి రాదు, రోడ్డు మీద దించి పోతుంది. అలాంటి ఊరిని ఆ వరుసన నిలబెట్టింది సంసోను పెద్దకూతురు సంపూర్ణ. ఆమెకు అది మొదటి గెలుపు. ఊరికే రాలేదు.

సంసోను బడిలో అటెండరు. కూతురు పదో తరగతిలో మండలానికి రెండో ర్యాంకు తెచ్చింది. కొత్తగూడెంలో ఇంటరు చదివి, కంప్యూటరు నేర్చింది. వెదుళ్లగూడెంలో మౌసు పట్టిన మొదటి చెయ్యి ఆమెదే. 2007 జూన్‌లో సంఘం ఆమెను పనిలో పెట్టుకుంది. ఊరి ఆడవాళ్లు అడవిలో అడ్డాకు కోసి తెచ్చి విస్తళ్లు కుడతారు. కొనేది ఒక్కడే షావుకారు. అతను ఎంతంటే అంత. ఇంటర్నెట్లో సైటు పెడితే దూరపువాళ్లు నేరుగా అడుగుతారని సంపూర్ణ చెప్పింది. సంఘం పెద్ద కన్నమ్మ సరేనంది గానీ గడువు పెట్టింది.

“ఉగాది దాకా చూస్తం బిడ్డా. గప్పటికి ఒక్క కొత్తోడన్నా అడగకపోతే సైటు లేదు, నీ కొలువు లేదు. మళ్ల గా షావుకారే గతి.”

సంపూర్ణ సైటును పెళ్లిపందిరిలా ముస్తాబు చేసింది. వివరాలన్నీ రంగు రంగుల బొమ్మల్లోనే రాసింది. రెండు నెలలు గడిచినా ఎంత వెతికినా సైటు జాడ లేదు. విస్తళ్లు కుట్టే కళావతి రోజూ అడిగేది.

“ఏమే సంపూర్ణా, మనూరు దొరికిందా? ఇంకా అడవిలనే తిరుగుతున్నదా?”

పుస్తకాలు తిరగేస్తే అసలు సంగతి తెలిసింది. సెర్చ్ ఇంజిన్ అక్షరాలు చదువుతుంది, బొమ్మలోని రాత దానికి అందదు. పైగా పేజీకి పెట్టిన పేరు ‘వెదుళ్లగూడెం సంఘం’. ఆ పేరు తెలిసినవాడు తిన్నగా ఊరికే వస్తాడు, వెతకడమెందుకు? తెలియనివాడు ఏ మాట కొట్టి అడుగుతాడో ఆ మాట పేజీ నెత్తిన ఉండాలి. సంపూర్ణ రాతను బొమ్మల్లోంచి బయటికి తీసింది, పేజీ పేరు మార్చింది. సైటు పదో పేజీలో తేలింది. పదో పేజీ దాకా వెతికే ఓపిక ఎవరికుంటుంది?

నెట్ సెంటరు బెంజమిన్ నవ్వాడు. “గింత కష్టమెందుకమ్మా? తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలతో ‘లీఫ్ ప్లేట్స్’ అని మూడొందల సార్లు కొట్టు. మనిషికి కనబడదు, మిషన్‌కు కనబడతది. జల్దీ పైకి పోతవ్.”

గడువు నెత్తిన ఉంది. కొట్టింది. మూడు వారాల్లో సైటు రెండో పేజీకి ఎగబాకింది. కన్నమ్మ అందరికీ బెల్లం పంచింది. ఆ తీపి నోట్లో ఉండగానే, అక్టోబరులో సైటు మాయమైంది. ఊరి పేరు కొట్టినా రాలేదు. దాచిన అక్షరాలను సెర్చ్ ఇంజిన్ పట్టేసి, సైటును లెక్కలోంచే తీసేసింది.

ఆ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. విస్తళ్ల కట్ట నడుమ చిరిగిన ఆకు పెట్టి దొరికినవాళ్లు అందరి ముందు ఆ కట్ట విప్పి, మళ్లీ కుట్టాలి. సంపూర్ణ కుట్టుడు కొట్టంలోకి వెళ్లి, చేసిందంతా చెప్పేసింది.

కన్నమ్మ పక్కనున్న కట్ట నడుమ చెయ్యి పెట్టి ఒక విస్తరి గుంజింది. “కొనేటోడు పైన ఆకు చూస్తడా బిడ్డా? గిట్ల నడుమల గుంజి చూస్తడు. నీ మిషన్ గూడ గట్లనే గుంజింది.”

“మాకైతే కట్ట విప్పుడు. చదువుకున్నోళ్లకు మాఫీనా?” అంది కళావతి.

“మాఫీ వద్దక్కా, విప్పుతా” అంది సంపూర్ణ.

విప్పింది కూడా. దొంగ అక్షరాలు మూడొందలూ చెరిపేసి, తప్పు ఒప్పుకుంటూ సెర్చ్ కంపెనీకి ఉత్తరం పెట్టింది. ఏ సైజు విస్తరిలో ఎంత కూర ఆగుతుంది, ఆకు ఎన్నాళ్లు నిలవుంటుంది, ఎలా కుడతారు, కొనేవాళ్లు అడిగే ప్రతి ప్రశ్నకూ కళావతిని అడిగి జవాబు రాసింది. జనవరిలో సైటు మళ్లీ లెక్కలోకి వచ్చింది, కానీ అడుగునే ఉండిపోయింది.

“మన కట్టను మనమే మెచ్చుకుంటే సంతల ఎవడు నమ్ముతడు? పక్కూరోళ్లు చెప్పాలె” అంది కన్నమ్మ. పుస్తకాలదీ అదే మాట. వేరే మంచి సైట్లు లింకు పెట్టి నీ సైటుకు దారి చూపిస్తే అది నీకు సాక్ష్యం. షావుకారు దగ్గర కొని ఆ విస్తళ్లలో భోజనం పెట్టినవాళ్లకూ, ఆకు సంగతి తెలిసినవాళ్లకూ సంపూర్ణ ఉత్తరాలు రాసింది. ఖమ్మంలో వృక్షశాస్త్రం చెప్పే శారద మేడం తమ కాలేజీ సైటులో అడ్డాకు గురించి రాసి, సంఘం సైటుకు దారి పెట్టింది. విజయవాడ వంటల కాంట్రాక్టరు ఒకాయన పెట్టాడు. అలా తొమ్మిది మంది పలికారు. అడుగున ఉన్న సైటు ఒక్కో మెట్టే ఎక్కి, మార్చి 19న మూడో వరుసన నిలిచింది. ఉగాదికి ఇంకా పంతొమ్మిది రోజులుంది.

మూడో నాడు పుణె నుంచి ఒక పెళ్లివంటల ఆయన నాలుగు వేల విస్తళ్లు కావాలని ఉత్తరం పంపాడు. సంపూర్ణ చదివి వినిపించింది.

“గా పుణె ఎక్కడున్నదే?” అంది కన్నమ్మ.

“చానా దూరం పెద్దమ్మా.”

“అయితే నీ కొలువు గట్టిదే!”

అంతటితో ఆగిందా? ఏడాది తిరిగేలోగా ఇరవై రెండు పట్నాలకు విస్తళ్లు పోయాయి. ఎన్నడూ గడప దిగని షావుకారు కొట్టానికి వచ్చి, చాప మీద కూర్చుని, ధర ఎంతని అడిగాడు. నేలకొండపల్లి, మధిర సంఘాలు సంపూర్ణను పిలిపించుకుని సైటు పని నేర్పించుకున్నాయి. ఇప్పుడు హైదరాబాదులో ముప్పై సంఘాల ఆడవాళ్లకు సంపూర్ణ మూడు వారాలు పాఠం చెబుతోంది. మొదటి రోజు కంప్యూటరు ముట్టనివ్వలేదట. అడ్డాకు కట్ట ముందు పెట్టి, నడుమ నుంచి గుంజి చూడమందట.

ఆమె వచ్చేదాకా సైటు బాధ్యత కళావతిది. కొత్త ఆకు ఫొటోలు తీసి ఉంచింది గానీ, పేజీలో ఇంకా పెట్టలేదు. “అది వచ్చినంక ఇద్దరం కూసొని పెడతం” అంటోంది. సంపూర్ణ 2009 ఏప్రిల్ 11, శనివారం పొద్దున కొత్తగూడెంలో రైలు దిగుతుంది.