తాడు వదులుగా ఉంటే

ఈ పొద్దున బీచ్‌లో ఒకాయన గుర్రప్పిల్లకి ఎదురుగా నిలబడి తాడు పట్టి లాగుతున్నాడు. అదేమో కాళ్లు నిగడదన్ని కదలనంటోంది.

మన ఈడువాళ్లకి గుర్తుందా, ఇక్కడ పిల్లల్ని ఎక్కించి తిప్పే గుర్రాల ఎర్ర కుచ్చులు, ఉప్పుగాలికి చెమ్మగిల్లిన జీను వాసన? వాటిలో ఒక గుర్రం మా నాన్నది. దాని పిల్లకి నడక నేర్పేటప్పుడు తాడు నా చేతికిచ్చి ముందు నడవమని, తను దాని వెనకాల వచ్చేవాడు.

"ఎనక్కి సూడకమ్మా, సూత్తే ఆగిపోద్ది. తాడు వదులుగా ఉందంటే అదొత్తన్నట్టే" అనేవాడు.

చూడకుండానే నడిచేదాన్ని. ఇసుకలో గిట్టల చప్పుడు వినబడేది కాదు, నాన్న దగ్గు మాత్రం వినబడేది.

నాన్న పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఆ ఇసుకలో ఒక్కదాన్నే నడుస్తాను. వెనక్కి మాత్రం చూడను.