జతలో మిగిలింది

పాత మోటారుసైకిళ్ల ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు పైపులు బాగుచేసే ఆ మెకానిక్ పెద్దగా మాట్లాడడు. విప్పిన పైపుకున్న నూనె తుడిచి, గాజుపలక మీద పెట్టి, గడ్డం బల్లకానించి మెల్లగా దొర్లిస్తాడు. అడుగున వెంట్రుకంత వెలుగు కనబడితే చాలు, పైపు వంగినట్టే. రంపం తీసి, బండి యజమాని ఎదుటే రెండు ముక్కలు చేసేస్తాడు. కొందరు తిట్టుకుంటూ పోతారు.

నిన్న తన తండ్రి బండి తెచ్చినాయన, పైపు మీద రంపం పెట్టగానే లబోదిబోమన్నాడు. "ఈ రోజుల్లో ఇది ఎక్కడ దొరుకుతుందయ్యా! కాస్త వంపు తీస్తే సరిపోయేదిగా?" అని, గోడకు వేలాడుతున్న పైపు చూపించాడు. "పోనీ, అదెయ్యి. తిన్నగానే ఉందిగా."

మెకానిక్ రంపం ఆపలేదు. "తిన్నగానే ఉంటుందండీ, దానికీ, దాని జతకీ వంపు తీసింది నేనేగా. ఆ జతది విరిగిన రోజు బండి మీద మా తమ్ముడున్నాడు."

ఆయన వంగి, కోస్తున్న పైపు రెండో కొస కదలకుండా పట్టుకున్నాడు.