రిగ్గర్ అని రాసి సంతకం పెట్టాను

నేను రిటైరవడానికి మూడేళ్ళ ముందు, ఒక వైశాఖమాసంలో, నెల్లూరు తీరాన కడుతున్న ఒక విద్యుత్ కేంద్రానికి ఎరెక్షన్ ఇంజనీరుగా బదిలీ అయ్యాను. భారీ ఇనుప భాగాలను క్రేన్‌తో లేపి వాటి స్థానంలో కూర్చోబెట్టించడం నా బాధ్యత.

ఈ పనిలో ఫిట్టర్, వెల్డర్ అంటే అందరికీ తెలుసు. రిగ్గర్ అంటే మాత్రం బయటివాళ్ళు తెల్లమొహం వేస్తారు. బరువు ఎంతుందో, తాడు ఎక్కడ వేయాలో, గాలి ఎటు తోస్తుందో అంచనా కట్టి, చేతి సైగలతో క్రేన్‌ను నడిపించేవాడు రిగ్గర్. మా సైటులో మాత్రం తాడు ముట్టుకున్న ప్రతివాడికీ కాంట్రాక్టర్ గేటు పాసులో అదే మాట రాసేసేవాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఆ పాసుల మీద సంతకం నాది.

పోలయ్య అలాగే వచ్చాడు. పక్క పల్లెలో చేపలవేట చేసేవాడు, నలభై దాటిన మనిషి. రిగ్గర్ పని తెలుసా అని అడిగాను.

"తాడు పనే గదా సార్. పుట్టినకాడ్నించి లాగతానే ఉండా. నాకు కొత్తేముంది?" అన్నాడు.

ముడి వేయమన్నాను. నా వైపే చూస్తూ, చేతుల వైపు చూడకుండా మూడు రకాలు వేశాడు. నాకు ముచ్చటేసింది. సంతకం పెట్టేశాను.

రెండు వారాల తరువాత పొగగొట్టం వైపు వెళ్ళే డక్టు ముక్కను లేపాలి. రేకుతో చేసిన గదిలాంటిది అది. బరువు కన్నా దాని వెడల్పే ప్రమాదం, గాలి పట్టేస్తుంది. అందుకే పొద్దున్నే ముగించాలని పర్మిట్ రాశాను. ఫిట్టర్లు ఆలస్యం చేశారు. మధ్యాహ్నమైంది, సముద్రపు గాలి మొదలైంది. ఆపేయాల్సింది. ఒక్క అరగంట పనే కదా అనుకున్నాను.

ముక్క తిరిగిపోకుండా దాని రెండు కొసలకూ గైడ్ తాళ్ళు కట్టి, కింద ఇద్దరు పట్టుకుంటారు. ఒకటి పోలయ్య చేతిలో ఉంది. ముక్క నాలుగంతస్తుల ఎత్తుకు చేరాక అతని వైపు చూశాను. తాడును నడుముకు రెండు చుట్లు చుట్టుకుని, వెనక్కి వాలి, మడమలు నేలకు తన్నిపెట్టి ఉన్నాడు. ఒడ్డున పెద్ద వల లాగేవాళ్ళు నిలబడే తీరు అదే. రోజూ చూసే దృశ్యమే కనుక, నిజం చెప్పాలంటే, అందులో తప్పు నాకు వెంటనే తట్టలేదు. గైడ్ తాడును వేలికైనా చుట్టుకోకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం.

అంతలో గాలి ఒక్క విసురు విసిరింది. ముక్క గిర్రున తిరిగి అవతలికి తూలింది. తాడు బిగిసింది, పోలయ్య జారిపోవడం మొదలైంది. అతని ముందు పునాది గొయ్యి ఉంది. అందులో నిలువెత్తు ఇనుప చువ్వలు మొనలు పైకి పెట్టుకుని ఉన్నాయి.

"వదులు! వదిలేయ్!" అని అరిచాను. ఎలా వదులుతాడు? ఆ బిగువుకు చుట్లు మాంసంలోకి దిగిపోయాయి.

రెండు చేతులూ చాచి ఆపమని సైగ చేశాను. క్రేన్ ఆగింది. గాలి ఆగదు కదా, ముక్క ఇంకా పోతూనే ఉంది. పోలయ్య మడమలు మట్టిలో రెండు చాళ్ళు తీస్తున్నాయి. ఆపరేటర్ నన్నే చూస్తున్నాడు. తరువాత ఏం చెప్పాలో నాకు తోచలేదు. ముప్పై ఏళ్ళ అనుభవం ఆ క్షణాన ఎందుకూ కొరగాలేదు.

మా రిగ్గర్ ఫోర్‌మన్ మస్తాన్ నన్ను పక్కకు నెట్టి ముందుకొచ్చాడు. వేలు నేలకు చూపి గుండ్రంగా తిప్పాడు. దించమని. ముక్క కిందికి దిగేకొద్దీ తాడు వదులైంది. పోలయ్య వెల్లకిలా పడ్డాడు. పాదాలు గొయ్యి అంచు దాటి గాలిలో ఉన్నాయి.

నడుము చుట్టూ చర్మం ఊడివచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, తాడు అలా ఎందుకు చుట్టుకున్నావని అడిగాను.

"మా కాడ తాడు వదిలినోణ్ణి మళ్ళీ వల కాడికి రానియ్యరు సార్. ఒకడు వదిలితే అందరి కూడూ పోతాది" అన్నాడు. నొప్పితో కాదు, సిగ్గుతో చెప్పినట్టున్నాడు.

ప్రమాద నివేదికలో కారణం అనే గడిలో 'కార్మికుడి అజాగ్రత్త' అని కాంట్రాక్టర్ మనిషి ముందే రాసి తెచ్చాడు. అది కొట్టేసి, 'గాలి పెరిగాక కూడా పని కొనసాగించడం, సరిగ్గా పరీక్షించకుండా పాసు ఇవ్వడం' అని రాశాను. నాకు మెమో వచ్చింది. రావలసిందే.

ఆ తరువాత రిగ్గర్ పాసుకు వచ్చినవాళ్ళను ముడులు వేయమనలేదు. చేతికి తాడిచ్చి, అవతలి కొస పట్టుకుని నేను లాగేవాణ్ణి. మధ్యలో 'వదులు' అనేవాణ్ణి. తీరం నుంచి వచ్చిన బలమైనవాళ్ళు చాలామంది మొదటిసారి వదిలేవాళ్ళు కాదు, ఇంకా గట్టిగా పట్టుకునేవాళ్ళు. వదలడం వాళ్ళకు నేర్పాల్సి వచ్చింది. గాయం మానాక పోలయ్య కూడా ఆ పరీక్షకు నిలబడ్డాడు. మూడోసారికి వదిలాడు.